పేము కత్తులు, అసలు తగాదాలు

ఈ మధ్య మధ్యయుగం చాలా చవగ్గా దొరుకుతోంది. ఫోను తీసి నాలుగుసార్లు నొక్కితే చాలు, రెండో రోజుకల్లా అట్టపెట్టెలో గుమ్మం ముందుంటుంది. వెండిరంగు పూసిన ప్లాస్టిక్ కవచం, కొమ్ముల టోపీ, తోలులా కనిపించే రెగ్జిన్ నడికట్టు. వేసుకుని, ఫొటో దిగి, పదిమందికీ పంపేస్తే వెయ్యేళ్ల యూరప్ చరిత్ర మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోతుంది. ఆ టోపీకి కొమ్ములెందుకని అడిగే నాథుడు లేడు. వైకింగులు కొమ్ముల టోపీలతో యుద్ధాలు చెయ్యలేదు, 1876లో జర్మనీలో వాగ్నర్ ఆపెరాకి దుస్తులు రూపొందించిన డోప్లర్ పుణ్యమా అని అవి జనం కళ్లకి అతుక్కున్నాయి అని చెప్పబోతే, "సరదాకి కదా అంకుల్" అంటారు.

సరదా అంటే ఏమిటో మాకు తెలియదనుకుంటారు కాబోలు. మా రోజుల్లో ఆ సరదాకి చేతులు బొబ్బలెక్కేవి. వాల్తేరులో ఎమ్మే వెలగబెట్టి, పాత ఇంగ్లీషు మీద డాక్టరేట్ చేద్దామని డెబ్బైల్లో ఈ అమెరికా మధ్య రాష్ట్రాలకొచ్చి పడ్డాను. నాకు దొరికిన రూమ్మేటు ఫిజిక్స్ విద్యార్థి, సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం పెట్టే మనిషి. అతని మంచం కింద పాత పత్రికల కట్టలు, అభిమానులు తమలో తాము సైక్లోస్టైల్ తీసి పంచుకునే చిన్న చిన్న పత్రికలు దుమ్ము కొట్టుకుని ఉండేవి. సాయంత్రం లాబ్ నించి రాగానే వంటింటి బల్ల మీద కంచెలకి వాడే జింకుపూత తీగ చుట్ట పెట్టుకుని కూర్చునేవాడు. ఇనప కడ్డీకి ఆ తీగని స్ప్రింగులా చుట్టేవాడు. ఒక్కో చుట్టూ కట్టర్‌తో తెంపి రింగులు చేసేవాడు. తరవాత రెండు చేతుల్లో రెండు కటింగ్ ప్లేయర్లు పట్టుకుని ఒక్కో రింగులోంచి నాలుగు రింగులు పోనిచ్చి నోరు మూసి నొక్కేవాడు. అర్ధరాత్రి దాకా చేస్తే అరచెయ్యంత మేర అల్లిక తేలేది. గొలుసు కవచం చొక్కా ఒక్కటి పూర్తవడానికి చలికాలమంతా పట్టింది. ఆ రింగులు నా పరుపులోకి వచ్చాయి, కందిపప్పు డబ్బాలోకి వచ్చాయి, ఒకరోజు సాంబారులోకి కూడా వచ్చాయి.

అంత కష్టపడి తొడుక్కుని వేషాల సంబరానికి వెళ్తే అక్కడెవడో, వాడూ కథల పిచ్చివాడే, చూసి పెదవి విరిచాడట. "అసలు కవచాల్లో రింగు రింగుకీ రివెట్ కొట్టేవాళ్లు. నీది ఊరికే మూసి నొక్కావు. బల్లెంతో ఒక్క పోటు పొడిస్తే విచ్చుకుంటుంది" అన్నాడట. మావాడు ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నన్ను కూడా లైబ్రరీకి లాక్కెళ్లాడు. మ్యూజియంల కవచాల కాటలాగులు బల్లంతా పరిచాడు. తరవాత ఆ ఇద్దరి మధ్యా ఉత్తరాల యుద్ధం మొదలైంది. ఒకడు పేజీ నంబరు ఇస్తే ఇంకొకడు బొమ్మ నంబరు ఇచ్చేవాడు. అది ముగిసేసరికి మా డిపార్ట్‌మెంటులో ఏ పండితుడికీ తెలియనన్ని సంగతులు ఒక ఫిజిక్స్ కుర్రాడికి ఇనుము గురించి తెలిశాయి. కవచం మాత్రం మళ్లీ అల్లలేదనుకోండి.

నేను చెప్పేది ఆ తగాదా గురించే. ఇప్పుడు దుస్తులు దివ్యంగా ఉన్నాయి, తగాదా లేదు.

అసలు ఈ వేషాల సంబరం పుట్టిందే సైన్స్ ఫిక్షన్ వాళ్ల పెరట్లో. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్కిలీలో, డయానా పాక్సన్ అనే మధ్యయుగ సాహిత్యం చదువుతున్న అమ్మాయి ఇంటి వెనక మిత్రులంతా చేరారు. ప్లైవుడ్ కత్తులు, ఫెన్సింగ్ ముసుగులు, దొరికిన బట్టలతో కుట్టుకున్న అంగరఖాలు. కత్తియుద్ధాలయ్యాక పాటలు పాడుకుంటూ టెలిగ్రాఫ్ అవెన్యూ మీద ఊరేగారు. ఎందుకయ్యా అంటే ఇరవయ్యో శతాబ్దానికి నిరసన అన్నారు. ఊరంతా వియత్నాం యుద్ధానికి నిరసన తెలుపుతున్న కాలమది, వీళ్ల గోల వీళ్లది. తరవాతి సంబరానికి పార్కు కావలిస్తే దరఖాస్తులో సంస్థ పేరు రాయాల్సొచ్చింది. రచయిత్రి మారియన్ జిమ్మర్ బ్రాడ్లీ అప్పటికప్పుడు సొసైటీ ఫర్ క్రియేటివ్ అనక్రానిజం అని చెప్పింది. 1968లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ ఆ బర్కిలీలోనే జరిగింది. అక్కడ వీళ్ల కత్తిసాము చూసిన అభిమానులు ఆ విత్తనాలు తలా గుప్పెడు పట్టుకుని ఊళ్లకి పోయారు. మరుసటేడు షికాగో చుట్టుపక్కల "మధ్య రాజ్యం" వెలిసింది. మా రూమ్మేటు ఆ రాజ్యపు పౌరుడు. 1972లో తూర్పు రాజ్యానికీ మధ్య రాజ్యానికీ మధ్య పెన్సిక్ యుద్ధం మొదలైంది. ఇప్పుడది పెన్సిల్వేనియాలో స్లిపరీ రాక్ అనే ఊరి దగ్గర ఏటా పదివేల మందికి పైగా గుడారాలు వేసుకుని చేసే జాతర.

వాళ్ల యుద్ధం చూసి మొదట నవ్వాను. లావుపాటి పేము కర్రకి డక్ట్ టేపు చుట్టి కత్తి అంటారు. తలకి మాత్రం నిజం ఇనప టోపీ. ఇద్దరూ దబదబా బాదుకుంటారు. ఎవరు గెలిచారో చెప్పడానికి పాయింట్లు లెక్కపెట్టే అంపైరు లేడు. దెబ్బ తగిలిందో లేదో తిన్నవాడే చెప్పాలి. అందరూ గొలుసు కవచం, దాని కింద దూది చొక్కా, ముక్కు మీదికి పట్టీ ఉన్న టోపీ వేసుకున్నారని అనుకోవాలి. నిజం కత్తి అయ్యుంటే ఈ దెబ్బ ఆ కవచాన్ని దాటేదా, ఆగేదా అని బుద్ధిలో తూకం వేసుకుని, దాటేదే అనిపిస్తే తనంతట తానే వెల్లకిలా పడి చచ్చిపోవాలి. చేతికి తగిలితే ఆ చెయ్యి వెనక్కి పెట్టేసుకోవాలి. కాలికి తగిలితే మోకాళ్ల మీద కూలబడి అలాగే పోరాడాలి. ఆరడుగుల లారీ డ్రైవరొకడు బురదలో మోకాళ్ల మీద కూర్చుని, ఎదురుగా నిలబడ్డ బక్కపల్చటి అకౌంటెంటు చేతిలో తన్నులు తింటూ, చివరికి "బాగా కొట్టావు" అని పడిపోవడం చూశాక నా నవ్వు ఆగింది. కవచం ఎంత ఆపుతుందో చదివినవాడే ఆ ఆట నిజాయితీగా ఆడగలడు.

పెద్ద రచయితలు కూడా ఆ బురదలో పొర్లారు. పౌల్ ఆండర్సన్ అంతటి సైన్స్ ఫిక్షన్ రచయిత ఆ సొసైటీలో సర్ బేలా పేరుతో కర్రయుద్ధం చేశాడు. 1960లో ఆయన రాసిన ద హై క్రూసేడ్ నవలలో ఇంగ్లండు పల్లెలో దిగిన గ్రహాంతర నౌకని మధ్యయుగపు సర్దారొకడు పట్టుకుని, దాన్నెక్కి అంతరిక్షం మీదికి దండయాత్రకి పోతాడు. అంత చిలిపి మనిషి 1978లో ఆన్ థడ్ అండ్ బ్లండర్ అని వ్యాసం రాసి తోటి రచయితల చెవులు పిండాడు. వీరుడి చేతికి యాభై పౌన్ల కత్తి ఇస్తారేమిటి, అంటే దాదాపు ఇరవై మూడు కిలోలు, అది ఎత్తి తిప్పేదెవడు? గుర్రం రోజంతా పరిగెడుతూనే ఉంటుందా, దానికి మేత, నిద్ర, విశ్రాంతి అక్కర్లేదా? అసలు కత్తి కిలో, కిలోన్నర ఉంటుంది. ఒళ్లంతా కప్పే ఉక్కు కవచమే ఇరవై, ఇరవై అయిదు కిలోలు. ఆండర్సన్ సణుగుడు చదివితే నాకు పెద్దన్నయ్య దొరికినట్టనిపించింది.

ఇక మా పండితుల సంగతి. నేను చదువుకునే రోజుల్లో ప్రొఫెసర్లు ఈ వేషగాళ్లని చూసి ముక్కు చిట్లించేవారు. మాలో ఎవరైనా రాకెట్టు అట్టబొమ్మ ఉన్న పుస్తకం పట్టుకెళ్తే దాని మీద బేవుల్ఫ్ నిఘంటువు కప్పి పట్టుకెళ్లేవాళ్లం. వెర్రితనం కాకపోతే, ఆ ప్రొఫెసర్లకి గురువులైన వాళ్లే సగం ఈ సరుకు తయారుచేసినవాళ్లు. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో 1925 నించి ఆంగ్లో సాక్సన్ ప్రొఫెసరు. 1936లో బ్రిటిష్ అకాడమీలో బేవుల్ఫ్ మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసం చదవకుండా మాకు డాక్టరేట్ రాదు. ఆ మనిషే తన నవలలో వేరువేరు దారుల్లో నడుస్తున్న పాత్రలకి ఒకే రాత్రి ఒకే చంద్రుడు కనబడాలని తిథులు సరిచూసి మళ్లీ దిద్దుకున్నాడు. సి.ఎస్. లూయిస్ సంగతి ఇంకా గమ్మత్తు. 1938లోనే అంగారకుడి మీదికి మనిషిని పంపిన నవల రాశాడు, 1954లో కేంబ్రిడ్జిలో మధ్యయుగ సాహిత్యానికి ప్రొఫెసరయ్యాడు. ఆయన గ్రహాలకి అధిదేవతలు ఉంటారు, మధ్యయుగపు యూరప్‌లో ఆకాశాన్ని అలాగే ఊహించేవారు మరి. ఆయన పోయాక 1964లో అచ్చయిన ద డిస్కార్డెడ్ ఇమేజ్‌లో ఆనాటి చదువుకున్నవాడికి భూమి గుండ్రంగా ఉంటుందని తెలుసనీ, నక్షత్రాల ముందు అది చుక్కంతేనని కూడా తెలుసనీ విడమరిచి చెప్పాడు. 1962లో తన గదిలో కింగ్స్లీ ఏమిస్, బ్రయన్ ఆల్డిస్‌లతో కూర్చుని టేపు రికార్డరు ముందు సైన్స్ ఫిక్షన్ గురించి కబుర్లాడాడు, ఏ మొహమాటమూ లేకుండా. అభిమాని వేరు, పండితుడు వేరు అన్న గోడ అక్కడ లేదు.

రచయితలు కూడా మా గుమ్మం దాకా వచ్చి చదువుకుని వెళ్లినవాళ్లే. వాల్టర్ మిల్లర్ రెండో ప్రపంచ యుద్ధంలో మాంటె కసీనో మఠం మీద బాంబులు వేసిన దళంలో పనిచేశాడు. 1959లో అచ్చయిన ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్‌లో అణుయుద్ధం తరవాతి సన్యాసి ఒకడు ఎలక్ట్రికల్ బ్లూప్రింటుని, అదేమిటో తెలియకుండానే, బంగారు రేకులతో లతలు గీసి ఏళ్ల తరబడి నకలు రాస్తాడు. చేతిరాత ప్రతుల గురించి నేను చదివిన సిద్ధాంత గ్రంథాలు చాలా మర్చిపోయాను గాని ఆ సన్యాసిని మర్చిపోలేదు. 1992లో కోనీ విల్లిస్ రాసిన డూమ్స్‌డే బుక్‌లో చరిత్ర చదివే అమ్మాయి 2054 నించి 1320కి వెళ్లబోయి 1348లో, మహమ్మారి ప్లేగు నడుమ దిగుతుంది. అన్నిటికంటే ముందు ఆ అమ్మాయికి ఏమవుతుందనుకున్నారు? ఊళ్లోవాళ్ల భాష అర్థం కాదు. అంత కష్టపడి నేర్చుకున్న మిడిల్ ఇంగ్లీషు వాళ్ల నోట వినబడదు. పరీక్షలకి చాసర్‌ని బట్టీపట్టిన నాలాంటి వాడికి ఆ పేజీలు చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

ఇప్పుడు చూడండి. పునరుజ్జీవన సంతలని ఇక్కడ వేసవి వేసవికీ పెడతారు, వెళ్తే ప్రతివాడి చేతిలో గదలాంటి టర్కీ కోడి కాలు. టర్కీ కోడి అమెరికాది, కొలంబస్ పడవెక్కేదాకా యూరప్‌లో దాని ముఖం ఎరిగినవాడు లేడు. (మన మిరపకాయ మాత్రం? అది కూడా ఆ ఖండం నించి పోర్చుగీసువాళ్ల చేతుల మీదుగా వచ్చిందే. కాకతీయుల కాలం కథ రాస్తూ గోంగూర పచ్చట్లో ఎండుమిరపకాయలు వేయించే నవలాకారులు దయచేసి గమనించగలరు.) ఇక నవలల్లో సత్రం అంటే ఇగురు కూర గిన్నె తప్ప ఇంకోటి ఉండదు. దారిదోపిడీ దొంగలు తరుముతుంటే ఆగి, గంటలకొద్దీ ఉడకాల్సిన కూర వండుకు తింటారట. డయానా విన్ జోన్స్ 1996లో ఒక వెటకారపు గైడు పుస్తకం రాసి ఈ కూరనీ, అలసిపోని గుర్రాల్నీ కడిగేసింది. ఆవిడ టోల్కీన్ క్లాసులో కూర్చున్న మనిషి. ఆవిడ చెప్పినా వినలేదు, నేను చెప్తే వింటారా?

గేమ్ ఆఫ్ థ్రోన్స్ వచ్చాక నా పని పూర్తిగా చెడింది. జార్జ్ మార్టిన్‌ని ఏమీ అనను. ఆయన 1963లోనే కామిక్ పుస్తకానికి ఉత్తరం రాసి అచ్చులో పేరు చూసుకున్న పాతకాపు. ఇంగ్లండు రాజుల గులాబీ యుద్ధాలు చదివి, హేడ్రియన్ గోడెక్కి చూసి వచ్చి రాశాడు. ఆయన చదివి రాశాడు, ఇప్పటివాళ్లు ఆయన్ని చూసి చదువు పూర్తయిందనుకుంటున్నారు. రిటైరయ్యే ముందు నా క్లాసులో ఒక కుర్రాడు, పదిహేనో శతాబ్దపు దస్తావేజు ముందు పెట్టి ఏమనిపిస్తోందంటే, "మధ్యయుగంలో ఇంత కాగితం పని ఉండేదా సార్, అందరూ ఒకళ్లనొకళ్లు పొడుచుకునేవారు కదా" అన్నాడు. అందులో ఉన్నది గొర్రెల బొచ్చు మీద పన్ను లెక్క.

పండితుల్లోనూ గాలి మారింది. కాలమజూ అనే ఊళ్లో 1962లో మొదలైన మధ్యయుగ అధ్యయనాల మహాసభ మే నెలలో జరుగుతుంది. విద్యార్థుల హాస్టల్ గదుల్లో పడుకుని, పొద్దున్నే చర్చి రికార్డుల మీద పత్రాలు విని, శనివారం రాత్రి డాన్సులో తలపండిన ప్రొఫెసర్లు గంతులు వెయ్యడం చూడటం మాకు పండగ. అది అలాగే ఉండాలి. నా బాధ ఇంకో చోటిది. ఈ మధ్య ఇంకేదో సదస్సుకి పిలిస్తే వెళ్లాను. ఒక యువ ఆచార్యుడు టీవీ సీరియల్ అభిమానుల దుస్తుల మీద పత్రం చదివాడు. అస్తిత్వం, ప్రదర్శన, దేహరాజకీయం, అన్నీ ఉన్నాయి. నేను చెయ్యెత్తి ఆ అంగీ చెయ్యి ఏ శతాబ్దపు కత్తిరింపు అని అడిగాను. "అది నా ప్రశ్న కాదండీ" అన్నాడు, పాపం మర్యాదగానే. గ్రీన్‌లాండ్‌లో హెర్యోల్ఫ్స్‌నెస్ అనే పాడుబడ్డ చర్చి శ్మశానంలో 1921లో గడ్డకట్టిన నేల తవ్వి, శవాల ఒంటి మీది బట్టల్ని బయటికి తీశారు. చంక కింద ముక్క ఎలా అతికారో, కుట్టు ఎటు తిరిగిందో కోపెన్‌హేగన్ మ్యూజియంలో ఇప్పటికీ కళ్లారా చూడొచ్చు. మా రూమ్మేటు తరం వాటి నమూనాలు ట్రేసింగు కాగితం మీద గీసుకుని ఊరూరా పోస్టులో పంపుకునేది. ఈయనకి ఆ కుట్టు అక్కర్లేదు, కుట్టుకున్నవాళ్ల మనస్తత్వం కావాలి.

అయితే ఆ యువ ఆచార్యుడి మీద నా విసురుకి ఒక హద్దుంది. 2017లో షార్లట్స్‌విల్ వీధుల్లో తెల్లజాతి ఆధిపత్యం కోరేవాళ్లు క్రూసేడుల నినాదాలు, పాత సామ్రాజ్యపు నల్ల గద్ద బొమ్మ వేసిన డాళ్లు పట్టుకుని నడిచారు. మధ్యయుగపు యూరప్ అంటే ఒకే రంగు మనుషుల స్వర్గం అని వాళ్ల పురాణం. కోర్దోబా గ్రంథాలయాలు, వెనిస్ రేవులో మిరియాల బస్తాలు, అరబ్బీ నించి లాటిన్‌లోకి వెళ్లిన వైద్యం, ఇవేవీ వాళ్ల డాలు మీద పట్టవు. అప్పుడు నోరు విప్పి జవాబు చెప్పింది ఎక్కువగా ఈ కొత్త తరం ఆచార్యులే. మా తరంలో చాలామంది ఫుట్‌నోట్లు దిద్దుకుంటూ కూర్చున్నారు.

మనవాళ్లలో ఈ రెండు పిచ్చులూ కలిపిన ఘనుడు సింగీతం శ్రీనివాసరావు. 1991లో ఆదిత్య 369 వచ్చినప్పుడు మా ఊళ్లో తెలుగు కుటుంబాలన్నీ ఒక ఇంట్లో చేరి వీడియో క్యాసెట్ వేసుకు చూశాం. కాలయంత్రం రాయలవారి కొలువులో దిగగానే నేను డొమింగో పాయెస్ గురించి ఎత్తుకున్నాను. ఈ పోర్చుగీసు యాత్రికుడు 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చి, రాయలు బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టల్లో, జరీ కుళ్లాయితో, కాళ్లకి చెప్పుల్లేకుండా ఉన్నాడని రాశాడు. తిరుమల గుళ్లో ఉన్న రాయల విగ్రహానికి కూడా పొడుగాటి కుళ్లాయే. "కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ, సినిమా చూడనివ్వండి" అని మా ఆవిడ నా నోటికి పకోడీ అడ్డం పెట్టింది. అంత మంచి సినిమా వచ్చాక తెలుగువాళ్లు కుళ్లాయి గురించీ కాలయంత్రం గురించీ పోట్లాడుకునే సంఘాలు పెట్టుకోవాల్సింది. పెట్టుకున్నవి హీరోల సంఘాలు. ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో రాయలవారికి ఇవాళ్టికీ అట్టకిరీటమే.

మా పెద్దమ్మాయి కూతురు ఇప్పుడు కాలేజీలో, పాత చేతిరాత ప్రతులు చూసి కత్తిసాము నేర్చుకునే గుంపులో చేరింది. మొన్న ఫోను నా ముక్కు మీదికి పెట్టి, "తాతయ్యా, ఇది చూడు" అంది. లీడ్స్ ఆయుధశాలలో ఉన్న ఐ.33, దాదాపు 1300 నాటి ప్రతి. మనకి దొరికిన కత్తిసాము పుస్తకాల్లో అదే పాతది. గుండు చేసిన పూజారి ఒకాయన శిష్యుడికి కత్తీ చిన్న డాలూ పట్టడం నేర్పుతుంటాడు. చివరి పేజీల్లో శిష్యుడి చోట వాల్పుర్గిస్ అనే ఆడమనిషి వస్తుంది. మా రోజుల్లో దాన్ని చూడాలంటే సిఫారసు ఉత్తరం పట్టుకుని ఇంగ్లండు పోవాలి. ఈ పిల్ల రెండు వేళ్లతో లాగి వాల్పుర్గిస్ జుట్టు ఎలా గీశారో చూపించింది. ఆ జుట్టు మీద వాళ్ల గుంపులో రెండు పక్షాలట, మాటలు లేవట. నాకు చాలా ఆనందమేసింది, పైకి కనబడనివ్వలేదు.

"కింద రాసిందేమిటో చదివావా?" అన్నాను.

"లాటిన్ కదా. అనువాదం ఉంది తాతయ్యా."

"అనువాదకుడు తప్పు రాస్తే మెడ తెగేది నీది."

"పోనీ ఫోనులో గుడ్లగూబ యాప్ ఉంది, అందులో నేర్చుకుంటాలే."

ఆ గుడ్లగూబ దాని చేత రొట్టెలూ చిలకలూ చదివిస్తుంది గాని ఆనాటి సన్యాసి రాతలో మూడక్షరాలు మింగేసి పైన గీత గీస్తే అదేం పదమో చెప్పలేదు. ఆదివారం తొమ్మిదింటికి నోటుబుక్కూ పెన్సిలూ పట్టుకుని రమ్మన్నాను. తొమ్మిదంటే మరీ పొద్దున్నే కదా అని గునిసింది. అమ్మమ్మ పెసరట్టు వేస్తుందంటే ఒప్పుకుంది. కత్తి కూడా తెస్తానంది, ఒక పట్టు చూపించాలట. చెప్పులతో పాటు గుమ్మం బయటే వదలాలని చెప్పాను.